ఆవు పంపకం – వ్యాపార విభాగాల లెక్కలు

కొంతకాలంగా మన కార్యాలయాలకు చేరుతున్న పత్రాలలో కొన్ని కొత్త మాటలు తరచుగా కనిపిస్తున్నవి. వర్క్‌షాపు అంటే ఇప్పుడు ఒక 'వ్యాపార విభాగం'. పార్సెళ్ళు ఒక వ్యాపార విభాగం, ప్రయాణికుల బండ్లు మరొకటి, పల్లెలోని శాఖా తపాలా కార్యాలయం ఇంకొకటి. ఏ విభాగానికి డబ్బు పెట్టాలి, దేనిని వదిలించుకోవాలి అన్నది 'పోర్ట్‌ఫోలియో విశ్లేషణ' అనే పద్ధతి తేలుస్తుందని చెబుతున్నారు. ఈ మాటలు లెక్కల శాఖకు సంబంధించినవని, తమకు పట్టనివని సభ్యులు అనుకోవడం సహజమే. కాని ఖాళీ అయిన పోస్టును నింపాలా, ఒక షాపు పనిని బయటివారికి అప్పగించాలా, ఒక సార్టింగు కార్యాలయాన్ని మరొకదానిలో కలపాలా అన్న నిర్ణయాలు ఈ లెక్కల బల్లమీదనే పుడుతున్నవి. ఉత్తర్వు వచ్చిన తరువాత గేటు దగ్గర నినాదమివ్వడం కార్మికవర్గానికి తెలిసిన విద్యే. ఉత్తర్వుకు ముందు వేసిన లెక్కను చదివే విద్య కూడా ఇప్పుడు మనకు అవసరం.

నాలుగు గళ్ళ పటం

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో ముందు తెలుసుకోవాలి. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అనే సంస్థను 1963లో స్థాపించిన బ్రూస్ హెండర్సన్ 1970లో దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. రకరకాల వస్తువులు తయారుచేసే పెద్ద అమెరికన్ కంపెనీలకు అప్పుడు ఒక సమస్య ఉండేది. ఒకే కంపెనీ కింద బల్బులు, విమాన ఇంజన్లు, ప్లాస్టిక్కులు ఉన్నప్పుడు, ఒకదానిలో వచ్చిన మిగులును మరి దేనిలో పెట్టాలి? దానికి ఆయన ఒక పటం గీశాడు. నిలువున మార్కెట్టు పెరుగుదల వేగం. అడ్డంగా, అతిపెద్ద పోటీదారుతో పోల్చినప్పుడు మన వాటా. మార్కెట్టు పెరుగుతూ, వాటా కూడా పెద్దదైతే 'నక్షత్రం'. పెరుగుదల మందగించినా వాటా పెద్దదైతే 'పాడి ఆవు'. పెరుగుదల ఉండి వాటా చిన్నదైతే 'ప్రశ్నార్థకం'. రెండూ లేనిది 'కుక్క'. ఆవును పితికి, ప్రశ్నార్థకాన్ని పెంచి నక్షత్రం చేయాలి; కుక్కను అమ్మాలి, లేదా మూసివేయాలి. టూకీగా ఇదీ ఆ శాస్త్రం.

ఇందులో ఉన్న విలువను మనం కాదనవలసిన పని లేదు. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైనప్పుడు అందరికీ సమంగా చల్లడం బుద్ధిమంతుల పని కాదు. ఏ సేవకు రేపు గిరాకీ ఉన్నదో ముందుగా చూచి అక్కడ యంత్రాలు, మనుషులు, శిక్షణ సమకూర్చడం ఉద్యోగికీ మేలే. 1986లో స్పీడ్ పోస్టు ఆరంభమైనప్పుడు అది ఒక ప్రశ్నార్థకమే. ఆనాడు దానిమీద పెట్టిన డబ్బు, శ్రమ వృథా కాలేదని నేడు ప్రతి తపాలా ఉద్యోగికీ తెలుసు. అలాగే 2013 జూలైలో టెలిగ్రామ్ సేవను మూసినప్పుడు బాధపడని పాత ఉద్యోగి లేడు. అయినా చేతిలో ఫోను ఉన్న జనం టెలిగ్రాము కొరకు తిరిగివస్తారని ఎవరూ వాదించలేకపోయారు. కాలం చెల్లిన ప్రతి సేవ వెనుక కుట్ర వెదకడం సంఘానికి గౌరవం కాదు.

చిక్కు మరొకచోట ఉన్నది. ఈ పటం పనిచేయాలంటే ఒక షరతు నెరవేరాలి. విభాగాలు నిజంగా వేరువేరుగా ఉండాలి. బల్బుల కర్మాగారాన్ని అమ్మితే విమాన ఇంజను ఆగదు. రైల్వేలో, తపాలాలో ఆ షరతు చెల్లుతుందా? ఇదే అసలు ప్రశ్న.

ముందు భాగం, వెనుక భాగం

మన పల్లెల్లో పిల్లలకు చెప్పే అన్నదమ్ముల కథ పాఠకులకు విదితమే. తండ్రి పోయిన తరువాత ఒకే ఆవును ఇద్దరూ పంచుకున్నారు. ముందు భాగం తమ్ముడిది, వెనుక భాగం అన్నది. తమ్ముడు మేత వేశాడు, నీళ్ళు పెట్టాడు. అన్న పాలు పితుకుకున్నాడు. సంవత్సరాంతంలో లెక్క తీస్తే అన్న విభాగం లాభసాటి, తమ్ముడి విభాగం దండుగ. నాలుగు గళ్ళ పటంలో అన్నకు ఏ గడి, తమ్ముడికి ఏ గడి దక్కుతుందో వేరే చెప్పనక్కరలేదు.

రైల్వే, తపాలా శాఖలు రెండూ ఇటువంటి ఒంటి ఆవులే. ఆదాయం ఒకచోట రాయబడుతుంది, శ్రమ మరొకచోట జరుగుతుంది. హైదరాబాదులో స్పీడ్ పోస్టు కవరు తీసుకున్న కార్యాలయానికి రాబడి. దానిని పాతపట్నం వద్ద ఒక పల్లెలో ఎండలో నడిచి ఇంటి గుమ్మంలో అందించిన గ్రామీణ డాక్ సేవకుడి కార్యాలయానికి ఖర్చు. దేశంలో ఉన్న లక్షన్నరకు పైబడిన తపాలా కార్యాలయాలలో పదింట తొమ్మిది గ్రామాలలోనే ఉన్నవి. ఒక్కొక్కదానినీ విడిగా తూచితే వాటిలో అధికభాగం 'కుక్క' గడిలో పడతవి. కాని నగరంలోని కౌంటరు అమ్ముతున్నది ఏమిటి? దేశంలో ఏ మూలకైనా చేరుస్తామనే హామీని. ఆ హామీని నిలబెడుతున్నది ఆ పల్లె కార్యాలయమే. పల్లెను మూసి, కౌంటరు రాబడి యథాతథంగా ఉంటుందని చెప్పే లెక్క తప్పుడు లెక్క.

ఇక మార్కెట్టు వాటా సంగతి. దేశంలో మరొక రైల్వే లేదు గనుక, మార్కెట్టు అంటే రైలు ప్రయాణమే అనుకుంటే మన వాటా నూటికి నూరు. మార్కెట్టు అంటే దేశంలోని మొత్తం సరుకు రవాణా అనుకుంటే, 1950-51లో దాదాపు 89 శాతం ఉన్న రైలు వాటా 2007-08 నాటికి దాదాపు 30 శాతానికి దిగజారింది. మొదటి నిర్వచనంలో మనం 'పాడి ఆవు', రెండవదానిలో 'ప్రశ్నార్థకం'. అదే పట్టాలు, అదే వ్యాగన్లు, అదే కార్మికులు. మారినది గీత గీసిన చేయి మాత్రమే.

వాల్తేరు పాఠం

సుభాష్‌పల్లిలో ఈ సంచిక చదువుతున్న తెలుగు కుటుంబాలలో అనేకం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకై వలసవచ్చిన వారి సంతతి. 1887లో ఏర్పడిన ఆ రైల్వేలోను, 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలోను ఖరగ్‌పూరు, వాల్తేరు ఒకే ఇంటి బిడ్డలు. 2003 ఏప్రిల్‌లో ఆ ఇల్లు మూడైంది. భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే, బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వేరుపడినవి. వాల్తేరు తూర్పు కోస్తాకు పోయింది. ఆగ్నేయ రైల్వేకు ఖరగ్‌పూరు, ఆద్రా, చక్రధర్‌పూర్, రాంచీ డివిజన్లు మిగిలినవి.

వాల్తేరు డివిజనుకు పాడి ఆవు ఏదో ఆ ప్రాంతపు ప్రతి గార్డుకూ తెలుసు. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికై తూర్పు కనుమలను తొలిచి వేసిన, 440 కిలోమీటర్లకు పైబడిన కొత్తవలస–కిరండూల్ మార్గమే అది. 2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను ప్రకటించినప్పుడు, ఈ మార్గం ఎవరికి దక్కుతుందన్నదే పెద్ద వివాదమైంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏర్పాటు ప్రకారం, సుమారు 410 కిలోమీటర్లతో విశాఖపట్నం డివిజను కొత్త జోనులో ఉంటుంది. కొత్తవలస–బచేలితో సహా సుమారు 680 కిలోమీటర్లు తూర్పు కోస్తాలోని రాయగడ డివిజనుకు చెందుతవి.

ఈ మార్గం ఆంధ్రకు పోవాలా, ఒడిశాకు పోవాలా అన్నది మన వాదం కాదు. మన సభ్యులు గీతకు రెండువైపులా ఉన్నారు. మనం గమనించవలసినది వేరొకటి. డివిజన్ల పనితీరును పోల్చేటప్పుడు తరచుగా ముందుకు వచ్చే అంకె బయలుదేరిన చోట లెక్కించిన లోడింగు, దానిపై వచ్చిన రాబడి. ఖనిజం ఎక్కేది కొండల మీద, దిగేది సముద్రతీరంలో. లోడు దింపడం, ఖాళీ వ్యాగన్లను పరీక్షించి తిరిగి పంపడం, ఇంజన్ల మరమ్మతు, యార్డులో రాత్రింబగళ్ళ షంటింగు – ఇవన్నీ దిగే చోట జరిగే శ్రమ. గీత గీసిన మర్నాటి నుండి ఒకవైపున పాలు, ఒకవైపున మేత లెక్కలోకి వస్తే, మేత వేసేవాడిని రేపు ఎవరో వచ్చి 'నీ విభాగం దండుగ' అనకుండా ఎవరు ఆపుతారు? విశాఖలోని కార్మికుడు నిన్న ఎంత పని చేశాడో రేపూ అంతే చేస్తాడు. కాగితం మీద మాత్రం అతని ఉత్పాదకత మారిపోతుంది.

ఈ భయం ఊహాజనితం కాదనడానికి జపాను సాక్ష్యం. 1987 ఏప్రిల్ 1న అక్కడి జాతీయ రైల్వేను ఆరు ప్రయాణికుల సంస్థలుగా, ఒక సరుకు రవాణా సంస్థగా విడగొట్టారు. టోక్యో–ఒసాకా షింకన్‌సెన్ అనే పాడి ఆవు ఒక సంస్థ కొట్టంలో పడింది. మంచు ప్రాంతమైన ఉత్తరాది ద్వీపం హొక్కైదో వేరొక సంస్థకు దక్కింది. ఆ హొక్కైదో సంస్థ 2016లో, తన మార్గాలలో దాదాపు సగాన్ని, అంటే 1,200 కిలోమీటర్లకు పైగా, తానొక్కతే నిర్వహించలేనని ప్రకటించింది. అక్కడి సిబ్బంది సోమరులై ఇది జరగలేదు. ఆవును రెండు చేసిన నాడే దీనికి బీజం పడింది.

బ్రిటన్‌లో ఇంకా ముందే మరొక పాఠం ఉన్నది. 1963 మార్చిలో డాక్టర్ బీచింగ్ సమర్పించిన నివేదిక, మార్గాల మొత్తం పొడవులో మూడవవంతు మీద ప్రయాణికుల రవాణాలో ఒక్క శాతమే నడుస్తున్నదని తేల్చి, 2,363 స్టేషన్ల మూసివేతను ప్రతిపాదించింది. అంకె తప్పు కాదు. కాని ఉపమార్గంలో ఎక్కిన ప్రయాణికుడే ప్రధానమార్గంలోనూ ప్రయాణిస్తాడు. ఉపమార్గం మూతపడినప్పుడు అతడు ప్రధాన స్టేషను వరకు వచ్చి రైలెక్కలేదు. ఎందరో కారు కొనుక్కున్నారు. మూసివేతలు జరిగినవి, బ్రిటిష్ రైల్వే మాత్రం లాభాలలోకి రాలేదు. 1969లో మూసిన స్కాట్లండు సరిహద్దు మార్గంలో కొంత భాగాన్ని 2015లో తిరిగి డబ్బు పోసి వేసుకోవలసి వచ్చింది.

వర్క్‌షాపు లెక్క

ఇప్పుడు ఖరగ్‌పూరు వర్క్‌షాపు వంటి చోటును తీసుకుందాం. దేశంలోని పెద్ద రైల్వే వర్క్‌షాపులలో ఒకటైన ఇక్కడ టిక్కెట్టు అమ్మరు, సరుకు బుక్ చేయరు. దీనికి మార్కెట్టు లేదు, వాటా లేదు. కనుక దీనిని పటంలో పెట్టడానికి ఒక కృత్రిమమైన ధర కల్పించాలి. ఒక పెట్టె ఓవర్‌హాలుకు మనకెంత ఖర్చు, బయటివాడికెంత అని. ఈ పోలిక దగ్గరే ప్రతి శాఖా కార్యదర్శీ జాగ్రత్త పడవలసి ఉన్నది. విషయం తేటపడడానికి ఒక ఊహాజనితమైన లెక్క చూద్దాం.

ఒక షాపులో మూడు పనులు జరుగుతున్నవనుకుందాం. సామగ్రికి, ఆ పని చేసే చేతులకు ఒక్కొక్క పనికి నేరుగా అయ్యే ఖర్చు 70 రూపాయలు. షెడ్డు, క్రేన్లు, విద్యుత్తు, స్టోర్లు, పర్యవేక్షణ – వీటి ఉమ్మడి ఖర్చు 90 రూపాయలు. దానిని సమంగా పంచితే పనికి 30. అంటే ఒక్కొక్క పని 100 రూపాయలు; మొత్తం 300. బయటి కంట్రాక్టరు ఒక పనిని 85 రూపాయలకు చేస్తానంటాడు. కాగితంపై 15 రూపాయల ఆదా.

అప్పగించిన తరువాత ఏమవుతుంది? షాపుకు తప్పినది 70 మాత్రమే, చెల్లించినది 85. ఉమ్మడి ఖర్చు 90 ఎక్కడికీ పోలేదు; అది మిగిలిన రెండు పనుల నెత్తిన తలా 45 చొప్పున పడింది. కనుక వాటి ఖర్చు 115కు పెరిగింది. మొత్తం ఖర్చు 300 నుండి 315 అయింది. కాని మరుసటి సంవత్సరపు నివేదికలో రాసేది ఇది కాదు. 'షాపులో పని ఖర్చు పనికి 100 నుండి 115కు పెరిగింది, బయట 85కే దొరుకుతున్నది' అని రాస్తారు. రెండవ పని కూడా పోతుంది. మిగిలిన ఒక్కదాని ఖర్చు 160 అవుతుంది, మొత్తం 330. అప్పుడు షాపుకు 'కుక్క' అని పేరు పెట్టడం ఎంత సులభం! పైగా ఆ 70లో పర్మనెంటు ఉద్యోగి జీతమూ ఉన్నది. అతనికి వేరొక పని చూపనంత వరకు ఆ ఖర్చు కూడా తప్పదు. కాలక్రమేణా ఉమ్మడి ఖర్చు తగ్గుతుందని అధికారులు అనవచ్చు. తగ్గవచ్చును. ఎంత, ఏ సంవత్సరంలో, దేనివలన తగ్గుతుందో వారు లిఖితంగా చూపాలి.

లెక్క మారితే ఫలితం ఎంతగా మారుతుందో చెప్పడానికి సంఘం మాట ఒక్కటే ఆధారం కాదు. 2019-20లో రైల్వేల ఆపరేటింగ్ రేషియో 98.36 శాతమని చూపారు. పింఛన్ల వాస్తవ వ్యయాన్ని చేర్చి ఉంటే అది 114.35 శాతమయ్యేదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తేల్చారు. ఒకే సంవత్సరం, ఒకే రైల్వే. ఒక లెక్కలో మిగులు, మరొక లెక్కలో లోటు. 2001లో రాకేష్ మోహన్ అధ్యక్షతన నిపుణుల బృందం ప్రధాన వ్యాపారాన్ని తక్కినవాటి నుండి విడదీయాలన్నది. 2015లో నివేదిక ఇచ్చిన బిబేక్ దేబ్రాయ్ కమిటీ కూడా సంస్కరణకు ముందు లెక్కల పద్ధతినే మార్చవలసి ఉన్నదని నొక్కి చెప్పింది. ఆ కమిటీల సిఫారసులు అన్నింటితో మనకు ఏకీభావం లేదు. కాని లెక్క తేలకముందే విడదీయరాదన్న తర్కం వారి పత్రాలలోనే దొరుకుతున్నది.

పేరు పెట్టినంత మాత్రాన

మరొక హెచ్చరిక. గడికి పెట్టిన పేరు స్వభావం కాదు. 1985లో తపాలా తంతి శాఖను రెండుగా చీల్చినప్పుడు, పెరుగుతున్న టెలిఫోను 'నక్షత్రం', తపాలా 'భారం' అని అందరూ భావించారు. ఆ నక్షత్రం 2000 అక్టోబరులో బి.ఎస్.ఎన్.ఎల్. అయింది. 4జి సేవలో అది ప్రైవేటు కంపెనీలకంటె ఏండ్ల తరబడి వెనుకబడిన సంగతి తెలిసినదే. 2019లో ప్రకటించిన స్వచ్ఛంద పదవీ విరమణ పథకంలో 78 వేలకు పైగా ఉద్యోగులు వెళ్ళిపోయారు. భారమనుకున్న తపాలా నేటికీ పొదుపు ఖాతాలతో, బీమాతో, పార్సెళ్ళతో నడుస్తున్నది. నక్షత్రానికి నూనె పోయకపోతే అదీ ఆరిపోతుంది. ఆవుకు మేత వేయకుండా పితికితే అదీ పడిపోతుంది. రైల్వేల తరుగుదల నిధికి చాలినంత జమ చేయడం లేదని ఆడిటు నివేదికలు పదేపదే చెప్పడంలోని అర్థం ఇదే.

మారిన కాలానికి తగినట్లు పనివారిని మార్చడం సాధ్యమని రైల్వే వర్క్‌షాపులే నిరూపించినవి. ఆవిరి ఇంజన్లు పోయినవి. వాటిని విప్పి బిగించిన షాపులు డీజిలు, తరువాత విద్యుత్ యంత్రాల పని నేర్చుకున్నవి. పోయినది ఇంజను, నిలిచినది నైపుణ్యం. 2025 సెప్టెంబరు 1 నుండి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపినప్పుడు కూడా మనం అడగవలసినది ఇదే: సేవ మారింది సరే, ఆ సేవ చేసిన మనిషికి ఏ శిక్షణ, ఏ స్థానం?

ఇక సామాజిక బాధ్యత. ప్రయాణ వ్యయంలో సగటున 57 శాతమే వసూలవుతున్నదని రైల్వే టిక్కెట్లపై అచ్చు వేసి ఎన్నో యేండ్లు ప్రజలకు చూపారు. యాభై పైసల పోస్టుకార్డును చేరవేయడానికి అయ్యే ఖర్చు దాని ధరకు ఎన్నో రెట్లు. ఇవి ప్రభుత్వం ప్రజలకు ఇచ్చిన రాయితీలు. ఇవ్వవలసినవే. అయితే ఆ మొత్తాన్ని రాయితీగా ప్రభుత్వ ఖాతాలో స్పష్టంగా చూపి, విభాగానికి చెల్లించాలి. దానిని విభాగం నష్టంగా రాసి, ఆ నష్టాన్ని పోస్టులు రద్దు చేయడానికి కారణంగా చూపడం న్యాయం కాదు.

నాలుగు ప్రశ్నలు

కనుక మన సమాఖ్య ప్రతి శాఖకూ ఒక కర్తవ్యాన్ని నిర్దేశిస్తున్నది. ఏ విభాగాన్నైనా మూయడానికో, కలపడానికో, బయటికి అప్పగించడానికో ప్రతిపాదన వచ్చినప్పుడు సంప్రదింపుల బల్లవద్ద ఈ నాలుగు ప్రశ్నలను లిఖితపూర్వకంగా వేయండి.

ఒకటి: ఉమ్మడి ఖర్చును ఈ విభాగానికి ఏ సూత్రం ప్రకారం పంచారు? రెండు: విభాగం లేకపోతే నిజంగా తప్పే ఖర్చు ఎంత, తప్పనిది ఎంత, ఆ తప్పనిది ఎవరి నెత్తిన పడుతుంది? మూడు: ఈ విభాగం చేసిన పనివలన వేరేచోట రాయబడుతున్న రాబడి ఎంత? నాలుగు: ఇందులో ప్రభుత్వ ఆదేశంపై చేస్తున్న సేవ భాగం ఎంత, దానికి చెల్లింపు ఎక్కడ?

ఈ నాలుగింటికీ జవాబు వచ్చి, అప్పటికీ ఆ సేవకు కాలం చెల్లిందని తేలితే, మనం మొండికెత్తము. శిక్షణ గురించి, బదిలీ గురించి, ఏ ఒక్కరి జీవనాధారమూ పోకుండా చూడడం గురించి మాట్లాడతాము. జవాబు రాకపోతే, ప్రతిపాదనకు ఆధారం లేదని ప్రజలకు, పార్లమెంటు సభ్యులకు చెప్పే హక్కు మనకు ఉన్నది.

ఉద్యోగాల కోత ప్రశ్నపై 1927లో ఖరగ్‌పూరు కార్మికులు సాగించిన పోరాటానికి నాయకత్వం వహించినవారిలో, తరువాత 1969లో దేశానికి రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి ఒకరు. ఆనాడు తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ మాట్లాడే కార్మికులు ఒకే గేటు ముందు నిలబడ్డారు. నేటి గీతలు కాగితం మీద గీసినవి. అవి డివిజనును డివిజను నుండి, రైల్వే మెయిల్ సర్వీసును రైల్వే నుండి, కౌంటరును పల్లె నుండి వేరుచేసి, ఒకరి లాభాన్ని మరొకరి నష్టంగా చూపుతున్నవి. ఖరగ్‌పూరు మిత్రుడు విశాఖ మిత్రుడి లెక్కను, నగరపు కౌంటరు గుమాస్తా గ్రామీణ డాక్ సేవకుడి లెక్కను తనదిగా చదివిన నాడు ఆ గీతలకు బలం ఉండదు. మేత వేసేవాడూ, పాలు పితికేవాడూ కూర్చుని ఒకే పుస్తకంలో లెక్క రాయాలి. మన కోరిక ఇంతే, దానిని సాధించే శక్తి మన ఐక్యతలోనే ఉన్నది.